సెటైర్, ఐరనీ, సార్కాజమ్: మన విమర్శలో ఒక పదసంకరం

సెటైర్ అన్న ఆంగ్లపదానికి తెలుగేమిటని అడిగితే మనలో చాలామంది వ్యంగ్యమని చెబుతారు. ఐరనీకి తెలుగేమిటన్నా వ్యంగ్యమే. సార్కాజమ్‌కు ఏమిటంటే, కొంచెం తటపటాయించి, మళ్ళీ వ్యంగ్యమనే అంటారు. మూడు తాళాలకు ఒకే చెవి దొరికితే సంతోషించవలసినదే. కాని ఆ చెవి ఏ తాళాన్నీ సరిగా తీయకపోతే దానివల్ల ప్రయోజనమేమి? “ఈ రచయిత వ్యంగ్యం చాలా పదునైనది” అన్న వాక్యం మన పీఠికల్లోను సమీక్షల్లోను తరచుగా కనిపిస్తుంది. ఆ రచయిత లోకంలోని దోషాన్ని ఖండించినాడా, ఒకటి చెప్పి మరొకటి స్ఫురింపజేసినాడా, లేక ఎవరినో మనసు నొచ్చేటట్లు పొడిచినాడా? ఆ వాక్యం చెప్పదు. ఈ మూడూ వేరువేరు పనులు. మూడింటికీ వేరువేరు శక్తులు కావాలి. ఒకదానిలో సమర్థుడైనవాడు మరొకదానిలో సమర్థుడు కానక్కరలేదు.

ఇది కేవలం నిఘంటుకారుల తగవు కాదు. విమర్శకునికి పదాలే పనిముట్లు. పనిముట్టు మొండిదైతే తీర్పు కూడా మొండిదవుతుంది. మన సాహిత్యంలో ఉత్తమమైన కొన్ని రచనలను మనం సరిగా చదవలేకపోవడానికి ఈ పదసంకరం ఒక కారణమని నా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని నిరూపించడానికి ముందుగా ఆ మూడు పదాల పుట్టుపూర్వోత్తరాలను కొంత విచారించవలసి ఉన్నది.

సెటైర్ లాటిన్ పదమైన సతురా నుంచి వచ్చినది. పలురకాల పదార్థాలు కలిపి నింపిన పళ్ళెమని దాని అర్థం. గ్రీకు పురాణాలలోని సాటర్ అనే మేకకాళ్ళ వనదేవతల పేరుతో దీనికి సంబంధమున్నదని ఎలిజబెత్ రాణి కాలపు ఆంగ్లకవులు పొరబడ్డారు. అందుచేతనే వారి అధిక్షేప కవిత్వం కావాలని కరకుగా, మోటుగా ఉండేది. ఆ సంబంధం లేదని 1605లో ఐజాక్ కాసబాన్ అనే పండితుడు నిరూపించినాడు. వ్యుత్పత్తిలో జరిగిన ఒక పొరపాటు ఒక తరం కవుల శైలినే మార్చగలదనడానికి ఇది మంచి నిదర్శనం. ఐరనీ గ్రీకు నాటకరంగం నుంచి వచ్చినది. తనకున్న తెలివిని దాచి, తక్కువవాడిగా నటించే పాత్రను ఐరాన్ అనేవారు. తనకేమీ తెలియదంటూ ప్రశ్నలు వేసి ఎదుటివాని అజ్ఞానాన్ని బయటపెట్టిన సోక్రటీసుకు ఈ గుణాన్నే ఆరోపించారు. సార్కాజమ్‌కు మూలం మాంసాన్ని చీల్చడమని అర్థమిచ్చే గ్రీకు ధాతువు. మన ‘ఎత్తిపొడుపు’లో కూడా ఒక పోటు ఉన్నదని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. గ్రీకువాడు చీల్చినాడు, తెలుగువాడు పొడిచినాడు. గాయం ఒక్కటే.

1926లో ప్రకటితమైన తన ఆంగ్లప్రయోగ నిఘంటువులో ఫౌలర్ ఈ పదాలను, వీటికి తోబుట్టువులైన హ్యూమర్, విట్ మొదలైనవాటిని ఒక పట్టికగా వేసి, ఒక్కొక్కదానికి లక్ష్యమేమిటి, క్షేత్రమేది, పద్ధతి ఏది, శ్రోత ఎవరు అని నాలుగు ప్రశ్నలు వేసినాడు. అతని ప్రకారం సెటైర్ లక్ష్యం సంస్కరణ, దాని క్షేత్రం నీతులు, ఆచారాలు. సార్కాజమ్ లక్ష్యం నొప్పించడం, దాని శ్రోతలు దెబ్బ తిన్నవాడు, చుట్టూ నిలబడి చూసేవారు. ఐరనీకి శ్రోత ఒక అంతరంగిక బృందం. బయటివారికి ఒక అర్థం తోస్తుంది, లోపలివారికి మరొకటి తెలుస్తుంది. పట్టికలు సాహిత్యాన్ని పూర్తిగా పట్టలేవు. అయినా ఈ పట్టిక వల్ల మనకు ఒక ముఖ్యవిషయం బోధపడుతుంది. ఈ మూడూ ఒకే వరుసలో నిలిచే వస్తువులు కావు. సెటైర్ ఒక ప్రయోజనాన్ని చెబుతుంది, ఐరనీ ఒక రీతిని చెబుతుంది, సార్కాజమ్ ఒక మనోవృత్తిని చెబుతుంది. కాబట్టి ఇవి ఒకే రచనలో కలిసి ఉండవచ్చును, విడివిడిగానూ ఉండవచ్చును. కలిసి ఉండగలవు కనుకనే మనం వీటిని ఒకటిగా భ్రమపడుతున్నాము.

1729లో జొనాథన్ స్విఫ్ట్ వ్రాసిన ‘ఎ మాడెస్ట్ ప్రపోజల్’ను చూడండి. ఐర్లండు బీదవారి పసిపిల్లలను ధనవంతుల భోజనానికి అమ్మినట్లయితే దేశదారిద్ర్యం తీరుతుందని అందులో వక్త ప్రతిపాదిస్తాడు. లెక్కలు వేస్తాడు, లాభాలు వివరిస్తాడు. కంఠం ఎక్కడా పెరగదు. తనకు ఇందులో స్వలాభం లేదని కూడా వినయంగా విన్నవించుకుంటాడు. దీని ప్రయోజనం సెటైర్: ఐర్లండును పీడించినవారినీ, ఆ పీడనను సహించినవారినీ సిగ్గుపడేటట్లు చేయడం. దీని రీతి ఐరనీ: చెప్పినది ఒకటి, చెప్పదలచినది దానికి పూర్తిగా విరుద్ధం. ఆ వక్త కంఠంలో మాత్రం సార్కాజమ్ దాదాపు లేదు. ఆ వక్త ఒక్కసారి వెటకారంగా నవ్వినా రచన కుప్పకూలిపోతుంది. అతని గాంభీర్యమే దానికి ప్రాణం.

ఇక ఐరనీ ఉండి హాసమే లేని చోట్లున్నవి. సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ రాజు, పూర్వపు రాజును చంపినవాడెవడైనా సరే నాశనమగుగాక అని సభలో శపిస్తాడు. ఆ చంపినవాడు తానేనని అతనికి తెలియదు, ప్రేక్షకులకు తెలుసు. ఇది కూడా ఐరనీయే. 1833లో థర్ల్‌వాల్ అనే ఆంగ్లవిమర్శకుడు సోఫోక్లిస్ ఐరనీని గూర్చి ఒక ప్రసిద్ధవ్యాసం వ్రాసినాడు. దీనిని మనం ‘నాటకీయ వ్యంగ్యం’ అని అనువదించి, తరగతిలో విద్యార్థికి చెప్పితే, వాడు ఆ దృశ్యంలో నవ్వెక్కడున్నదా అని వెదుకుతాడు. మన నాట్యశాస్త్రకారులు పతాకాస్థానకమని చెప్పినది దీనికి చాలా దగ్గరది. ఉత్తరరామచరిత్ర ప్రథమాంకంలో, తన వక్షం మీద నిదురించే సీతను చూస్తూ రాముడు ఈమెకు సంబంధించినవాటిలో విరహమొక్కటే భరింపరానిదని అనుకుంటాడు. ఆ మాట ముగియగానే ప్రతీహారి ప్రవేశించి ‘వచ్చినాడు’ అన్న అర్థం వచ్చే మాట పలుకుతుంది. ఆమె చెప్పినది దుర్ముఖుడనే చారుని రాకను. సహృదయునికి వినిపించేది విరహం రాక. అక్కడ ఎవరూ ఎవరినీ అవహేళన చేయలేదు. కాని ఆ మాట గుండెలో గుచ్చుకుంటుంది.

మన పద్యసాహిత్యంలో కూడా ఇటువంటి ఉదాహరణ ఉన్నది. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం నిందాస్తుతికి పెట్టినది పేరు. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును పైకి నిందిస్తున్నట్లే ఉంటుంది. లోపల ఉన్నది స్తుతి. ఇది అచ్చమైన ఐరనీ రీతి. కాని ఇక్కడ సంస్కరింపదలచిన దోషం లేదు, నొప్పింపదలచిన మనిషి లేడు. ఉన్నది భక్తి, దానివల్ల పుట్టిన చనువు. ఐరనీ స్విఫ్ట్ చేతిలో కత్తి అయినది, పురుషోత్తమకవి చేతిలో పూజాద్రవ్యమైనది. ‘వ్యంగ్యశతకం’ అని ఒక్కమాట అనేస్తే ఈ భేదమంతా మాయమై, భక్తుడు దేవుని ఎగతాళి చేసినాడన్న అపార్థం మిగులుతుంది.

ఇప్పుడు వ్యంగ్యమన్న పదం సంగతి. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరదేశంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం వ్రాసిననాటి నుంచి మన సాహిత్యశాస్త్రంలో వ్యంగ్యమంటే వ్యంజనావృత్తిచేత స్ఫురించే అర్థం. వాచ్యం, లక్ష్యం, వ్యంగ్యం అని అర్థం మూడు విధాలు. వ్యంగ్యానికి పరిహాసంతో నియతసంబంధం లేదు. కరుణ వ్యంగ్యం కావచ్చును, శృంగారం వ్యంగ్యం కావచ్చును. నిజానికి రసం వ్యంగ్యమే కాని వాచ్యం కానేరదన్నది ఆ సిద్ధాంతానికి మూలస్తంభం. అపకారం చేసినవానిని ‘ఎంత ఉపకారం చేసితివయ్యా’ అని పొగడడం వంటి మాటలను మమ్మటుడు ధ్వనిభేదాలలో ఒకదానికి ఉదాహరణగా గ్రహించినాడు. కాబట్టి ఐరనీని మనవారు గుర్తించలేదనడం తప్పు. గుర్తించి, విశాలమైన వ్యంగ్యరాజ్యంలో ఒక చిన్న మండలంగా దానికి చోటు చూపించారు. మాటలో పలికే ఐరనీ అంతా వ్యంగ్యమే. వ్యంగ్యమంతా ఐరనీ కాదు. ఈ చిన్న మండలం పేరుతో మొత్తం రాజ్యాన్ని పిలవడం వల్ల ఏమైనదంటే, ‘గుణీభూతవ్యంగ్యం’ అన్న శాస్త్రపదాన్ని నేటి విద్యార్థి చూస్తే అది ఒక రకపు హాస్యరచన కాబోలుననుకునే ప్రమాదం ఏర్పడినది. మనం మూడు ఆంగ్లపదాలను పోగొట్టుకున్నది చాలక, వెయ్యేళ్ళ నుంచి మనదైన ఒక పదాన్ని కూడా పోగొట్టుకుంటున్నాము.

సెటైర్ సంగతి మరీ విపరీతం. అది వ్యంగ్యం కావలసిన అవసరమే లేదు. వేమన తిట్టదలచినప్పుడు సూటిగా తిట్టినాడు. అక్కడ స్ఫురింపజేయడమంటూ వేరే ఏమీ లేదు. అర్థమంతా వాచ్యమే. ఆడిసన్, స్టీల్ 1711లో ప్రారంభించిన ‘స్పెక్టేటర్’ పత్రిక ఆదర్శంగా పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు సాక్షివ్యాసాలు వ్రాశారు. కాని ఆడిసన్ స్వరం మందహాసంతో నడుస్తుంది, జంఘాలశాస్త్రి ఉపన్యాసం వరద వలె వస్తుంది. మాట మీద మాట, పోలిక మీద పోలిక పేర్చి, ఎదుటి దురాచారం ఊపిరి తిప్పుకోలేని స్థితికి తెస్తుంది. అందులో ప్రధానమైన శక్తి అతిశయోక్తిది, వాగ్ధాటిది. అది గొప్ప అధిక్షేపం. దానిని వ్యంగ్యమనడమంటే పట్టపగటి ఎండను వెన్నెల అనడమే. అంతకంటె నష్టమేమంటే, అలా అన్న విమర్శకుడు ఆ శైలిలో లేని సూక్ష్మతను వెదికి, ఉన్న మహాబలాన్ని చూడకుండా పోతాడు.

ఈ పదభేదం తెలియనందువల్ల తీర్పు ఎలా తప్పుతుందో గురజాడవారి కన్యాశుల్కం స్పష్టంగా చూపిస్తుంది. 1897లో ప్రకటించిన మొదటి కూర్పుకు వ్రాసిన ఆంగ్లపీఠికలోనే, సంఘసంస్కరణకు తోడ్పడడానికి ఈ నాటకం వ్రాసినట్లు ఆయన చెప్పినారు. అది సెటైర్ ప్రయోజనం. అందులో గిరీశం విధవావివాహాలను గూర్చి, వేశ్యాసంపర్కం వలని కీడును గూర్చి ఉపన్యసించగలవాడు. మధురవాణి ఇంటి నుంచి బయలుదేరినవాడు కూడా అతడే. మాటకు నడతకు గల దూరం ఇక్కడ ఐరనీ; అది సెటైర్‌కు పనిముట్టుగా పనిచేసినది. మధురవాణి తన ఎదుట బీరాలు పలికే పెద్దమనుషులకు వేసే చురకలు సార్కాజమ్‌కు దగ్గరివి. ఇంతవరకు మూడింటినీ వ్యంగ్యమని ఒకే మూటలో కట్టినా పెద్ద ప్రమాదం కనిపించదు.

ప్రమాదం సౌజన్యారావు పంతులు దగ్గర వస్తుంది. ఆయన వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన నిజమైన సజ్జనుడు. 1909లో ప్రకటితమైన రెండవ కూర్పు చివరి ఘట్టంలో ఆయనకు కావలసిన సహాయం చేయగలిగినది ఒక వేశ్య. ఆమె పురుషవేషంలో ఆయన ఎదుటనే కూర్చుని మాట్లాడుతుంది. తన వ్రతాన్ని తానే సడలించుకోవలసిన దశకు ఆయన వచ్చినప్పుడు, దానిని చెడకుండా నిలిపినది కూడా ఆమెయే. ఇది ఐరనీ. కాని ఇది సెటైర్ కాదు, సార్కాజమ్ అంతకన్నా కాదు. గురజాడ ఆయనను చూసి నవ్వలేదు. ఆ మంచితనానికి ఉన్న ఎల్లను మాత్రం చూపినాడు. మనుషులను వర్గాలుగా చూసి వెలివేసే మంచితనం ఎంత నిజాయితీ గలదైనా అసంపూర్ణమని ఆ దృశ్యం మనకు చెబుతుంది. ఒక్క వ్యంగ్యమన్న మాటే చేతిలో ఉన్న విమర్శకుడికి రెండే దారులు. గురజాడ సంస్కర్తలందరినీ ఎగతాళి చేసినాడనడం ఒకటి. సౌజన్యారావు పాత్ర ఆదర్శప్రాయం, అందులో వ్యంగ్యమేమీ లేదనడం రెండవది. ఈ రెండూ తప్పే. సత్యం ఆ రెంటి నడుమ ఉన్నది. అక్కడికి చేరడానికి కావలసిన మాట అతని దగ్గర లేదు. గౌరవాన్నీ ఎడమనూ ఏకకాలంలో పాటించిన ఆ దృష్టి వల్లనే కన్యాశుల్కం ఒక సంస్కరణ నాటకంగా మిగిలిపోక, మనుషుల నాటకమైనది.

అనువాదకులకు ఈ భేదం మరింత అవసరం. తెలుగులో చిన్న ప్రత్యయాలకు చాలా బలమున్నది. ‘ఆయన మహాదాత’ అన్నామనుకోండి. సందర్భాన్ని బట్టి, ఆయన పిల్లికి బిచ్చం పెట్టనివాడని పాఠకుడు గ్రహించవలసి ఉంటే అది ఐరనీ. ‘ఆయన మహాదాతట’ అన్నప్పుడు, లోకులంటున్నారు, నేను నమ్మను అని వక్త పక్కకు తప్పుకున్నాడు. ‘ఆయన మహాదాతేలెండి, పాపం’ అనేసరికి అది సార్కాజమ్ అయినది. కనుబొమ్మ ఎగరడం, పెదవి విరుపు మనకు కనిపిస్తున్నవి. జేన్ ఆస్టిన్ 1813లో ప్రకటించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మొదటి వాక్యం, కలిగిన బ్రహ్మచారులను గూర్చి ఒక లోకసిద్ధాంతాన్ని ఏ వికారమూ లేని ముఖంతో ప్రతిపాదిస్తుంది. ఆ సిద్ధాంతం నిజానికి ఎవరి కోరికో పాఠకుడు రెండు పుటలు చదివి తనంతట తాను గ్రహించాలి. తెలుగు చేసేవాడు పాఠకునికి అర్థం కాదేమోనన్న జాలితో ఒక ‘ట’ను, ఒక ‘లెండి’ని చేర్చినాడంటే, రచయిత్రి దాచిన రహస్యాన్ని గుమ్మంలోనే చాటించినట్లవుతుంది. మన అనువాదాలలో ఐరనీ తరచుగా వెటకారంగా మారిపోవడానికి ఈ జాలియే మూలం. ఆంగ్లమూలంలోని పదానికి మన మనసులో వ్యంగ్యమన్న అర్థమే స్థిరపడినందున, వ్యంగ్యమంటే వెటకారమే కదా అని చెయ్యి దానంతట అది ఆ ప్రత్యయం వ్రాస్తుంది.

ఆంగ్లపదాన్నే యథాతథంగా వాడితే ఈ బాధ తప్పుతుందని కొందరనవచ్చును. తప్పడం లేదు. ‘నామీద సెటైర్లు వేయకు’ అని వాడుకలో అంటున్నాము. అక్కడ ఉద్దేశించినది సెటైర్ కాదు, సార్కాజమ్. అరువు తెచ్చుకున్న మాట కూడా మన ఇంటికి వచ్చి వేరొకరి పని చేస్తున్నది.

ఇక రెండు ఆక్షేపణలకు సమాధానం చెప్పాలి. వ్యంగ్యచిత్రం, వ్యంగ్యరచన అన్న మాటలు లోకంలో పాతుకొనిపోయినవి, వాటిని ఇప్పుడు పెకలించడం సాధ్యమా అన్నది మొదటిది. సాధ్యం కాదు, అవసరమూ లేదు. పత్రికలో గీసిన బొమ్మను వ్యంగ్యచిత్రమని పిలిచినందువల్ల ఎవరికీ నష్టం లేదు. నేను మాట్లాడుతున్నది విమర్శ భాషను గూర్చి. వైద్యుడు ఇంటిలో ‘ఒళ్ళు బాగాలేద’నవచ్చును, రోగిని పరీక్షించేటప్పుడు ఆ మాట చాలదు. ఆంగ్లేయులే ఈ పదాలను కలగాపులగం చేసుకుంటున్నారు కదా అన్నది రెండవది. అదీ నిజమే. ఏ చిన్న కాకతాళీయాన్నైనా ఐరనీ అనడం వారిలో పరిపాటి అయినది, ఐరనీకి సార్కాజమ్‌కు ఉన్న గీత వారి వాడుకలోనూ చెరిగిపోతున్నది. కాని ఒకే అర్థంలో తిరిగే మాటలను విడదీసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని అప్పగించడం భాషలో నిరంతరం జరిగే వికాసమని 1817లో ‘బయోగ్రాఫియా లిటరేరియా’లో కోల్రిజ్ చెప్పినాడు. ఫాన్సీ, ఇమాజినేషన్ అన్న రెండు మాటలను ఆయన అలా విడదీసినందువల్లనే ఆంగ్లవిమర్శకు ఒక కొత్త చూపు వచ్చినది. విడదీయడం ఒక తరం చేసే పని, కలిపివేయడం అజాగ్రత్త చేసే పని. అక్కడ జరిగిన అజాగ్రత్త ఇక్కడ మనకు ఆదర్శం కానక్కరలేదు.

మరి మనమేమి చేయాలి? సెటైర్‌కు అధిక్షేపమన్న మాట మన శతకవాఙ్మయ విమర్శలో ఇదివరకే స్థిరపడి ఉన్నది. దానినే నిలుపుకోవచ్చును. సార్కాజమ్‌కు ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, వెటకారం, ఎకసెక్కెం అని తెలుగులో ఉన్నన్ని మాటలు అరుదుగా ఉంటాయి. పండితవ్యాసంలో ఇవి మోటుగా ఉంటాయన్న సంకోచం విడిచిపెట్టాలి. ఐరనీ ఒక్కటే కష్టం. వక్రోక్తి అందామంటే అది కుంతకుని సొత్తు. వ్యాజోక్తి అందామంటే ఆ పేరుతో వేరొక అలంకారమున్నది. మాటలో ఉన్న ఐరనీని విపరీతవ్యంగ్యమని, సంఘటనలో ఉన్న ఐరనీని వైపరీత్యమని, నిందాస్తుతుల తారుమారుతో వచ్చేదానిని వ్యాజస్తుతి అని సందర్భానుసారంగా వాడడం నాకు ఉచితంగా తోస్తున్నది. ఒక ఆంగ్లపదానికి ఒక తెలుగుపదమే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మూడింటికి ఒకటి పెట్టడం తప్పయినప్పుడు, ఒకదానికి మూడు పెట్టడం దారిద్ర్యం కాదు, వివేకం. వ్యంగ్యాన్ని ఆనందవర్ధనునికి తిరిగి ఇచ్చివేద్దాము.

ఇంతకంటె మంచి మాటలు ఎవరైనా సూచిస్తే స్వీకరించడానికి నాకు అభ్యంతరం లేదు. పట్టుదల మాట మీద కాదు, భేదం మీద. తరువాత ఒక పుస్తకానికి పీఠిక వ్రాయడానికి కూర్చున్నప్పుడు, ‘వ్యంగ్యం’ అని కలం సాగబోయేముందు, ఈ రచయిత దేనిని దిద్దదలచినాడు, ఎలా చెప్పినాడు, ఎవరిని నొప్పించినాడు అని మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలును. మూడింటికీ ఒకే జవాబు వచ్చిన రచన నాకు ఇంతవరకు కనిపించలేదు.